పద్దెనిమిది తలకాయలు

నా నోరు మా ఊళ్లో అందరికీ తెలుసు. మిరప కల్లంలో కూర్చుని నేనొక్క కేక వేస్తే రెండు కల్లాల అవతల మేసే గొడ్డు కూడా తలెత్తి చూసేది. మజ్జిగ అమ్ముకునేదానికి నోరు లేకపోతే ఎలా చెప్పండి? చెంచమ్మ వస్తోందంటే ముందు నోరు వస్తుంది, వెనక కుండ వస్తుంది అని మా తమ్ముడు పానకాలు ఎగతాళి చేసేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలు చెప్పిన మాట నాకు తెలియంది కాదు. అయినా నా నోరు నన్ను రెండుసార్లు ముంచింది. తెరిచి ఒకసారి, తెరవక ఒకసారి. రెండూ ఒక్క పూటలోనే.

అది యాభై ఎనిమిదో సంవత్సరం, ఎండాకాలం. మాది అద్దంకి దగ్గర నల్లరేగడి ఊరు. వానలు పడితే బండి ఇరుసు దాకా దిగబడేది. వాగు వచ్చిందంటే ఇవతలి వాళ్లు ఇవతలే, అవతలి వాళ్లు అవతలే. మా ఆయన అలాగే పోయాడు. పాము కరిచింది, మంచం మీద వేసుకుని వాగు దాకా మోశారు, వాగు దాటించలేకపోయారు. తెల్లారేసరికి ఆ ఒడ్డునే ప్రాణం పోయింది. కాబట్టి ఆ వాగులో చప్టా కడుతున్నారంటే ఊరందరికంటే సంతోషించిందాన్ని నేనే. చప్టా అంటే వంతెన కాదు. వాగు అడుగునే కాంక్రీటు పరుస్తారు. వాగు వస్తే నీళ్లు దాని మీదుగా పోతాయి, తగ్గగానే బండ్లూ బస్సులూ దాటతాయి.

చిక్కల్లా మా దగ్గర రాయి లేకపోవడమే. తవ్వితే రేగడి, ఇంకా తవ్వితే సుద్ద. కంకర కొట్టే కొండకు బండి పోయి రావాలంటే రెండు రోజులు. అందుకని ఓవర్సీరు గారు ఒక ఉపాయం చేశాడు. ఇటుక బట్టీలో మంట ఎక్కువైన చోట ఇటుకలు కరిగి, మాడి, ఒకదానికొకటి అతుక్కుపోతాయి. గోడకు పనికిరావని బట్టీవాళ్లు వాటిని పక్కన కుప్ప పోసి వదిలేస్తారు. వాటినే కొట్టి కంకరగా వాడండి అన్నాడట. పొగాకును వేడి పెట్టి ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పారబోసే బొగ్గు చిట్టెం కూడా రోడ్డు అంచులకు తోలించాడు. ఊరంతా నవ్వింది. పారేసిన చెత్తతో రోడ్డేస్తారట, రేపు పేడతో కలెక్టరాఫీసు కడతారు అని నేనే అన్నాను. మేస్త్రీ మాత్రం కోపగించుకోకుండా ఆ నల్ల ఇటుక ఒకటి నా చేతికిచ్చి, సుత్తితో కొట్టమన్నాడు. కొడితే ఖంగుమంది. సుత్తే వెనక్కి ఎగిరింది.

మేస్త్రీ పేరు పీరు సాయిబు. తాడేపల్లి వైపు మనిషి. భార్య రసూల్‌బీ, ఇంకో పాతికమంది కూలీలు. వాగు ఒడ్డున తాటాకు పాకలు వేసుకుని ఉండేవాళ్లు. మనిషి సన్నగా ఉండేవాడు, మాట మెత్తన. నా దగ్గర రోజూ రెండు గ్లాసుల మజ్జిగ తాగేవాడు. చెంచమ్మగారూ అని పిలిచేవాడు. నన్ను ఆ వాగు ఒడ్డున గారు పెట్టి పిలిచింది ఆయనొక్కడే. ఆ మర్యాద చూసే మా అమ్మాయి వెంకటేశ్వరమ్మను పనికి పంపాను. దానికి పదిహేనేళ్లు, నాకు తొలిచూలు, తర్వాత మళ్లీ లేరు. ఆడకూలీలతో కలిసి ఇటుకలు కొట్టి కంకర చేసేది. వారం రోజులుగా పోతోంది.

ఆ శనివారం సాయంత్రం మజ్జిగ కుండ తీసుకుపోదామని వెళ్లాను, అడుగున ఇంకా కాస్త మిగిలే ఉంది. కాంక్రీటు పొయ్యడానికి వాగు మధ్యలో తవ్విన గోతిలో, దాన్ని వాళ్లు గడి అంటారు, పీరు సాయిబు నాకు వీపు పెట్టి నిలబడి తన మనుషులకు పని చెబుతున్నాడు. నేను వచ్చింది చూడలేదు.

"రేపు పొద్దున్నే నడిమి గడి పోసేస్తాం. పద్దెనిమిది తలకాయలు తక్కువ పడుతున్నాయి, ఎట్టాగైనా తేవాలి. చిన్నవి వద్దు, పగిలినవి వద్దు. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే జానకొకటి చొప్పున లోపలికి కూరెయ్యాలి. పైకి కనపడకూడదు."

దొరక్కపోతేనో అని ఎవడో అడిగాడు.

"పక్క ఊళ్లల్లో చూడండి. దొరుకుతాయి" అన్నాడు, అదే మెత్తని గొంతుతో.

కుండ అక్కడే వదిలేసి వచ్చాను. వచ్చానో, ఎవరైనా తోలుకొచ్చారో కూడా తెలియదు. నా చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్పేది, నీళ్ల మీద కట్టే కట్టడం ఏదైనా సరే మనిషి తల పడకుండా నిలవదని. తొలిచూలు బిడ్డలను గోతాల్లో వేసుకుపోతారని, పునాదిలో పెట్టి పూడుస్తారని. ఆ కథ చెప్పేటప్పుడు ఆవిడ పట్టపగలు కూడా తలుపు గడియ పెట్టేది. చదువుకున్నవాళ్లు నవ్వుతారు. నవ్వండి. ఆ వాగు ఒడ్డునే మొగుణ్ని పోగొట్టుకుని, ఉన్న ఒక్క బిడ్డను చూసుకుని బతికేదాన్ని నేను. నాకు నవ్వు రాలేదు.

ఇంటికి రాగానే పిల్లతో అన్నాను, రేపటి నుంచి పనికి పోవద్దని. ఎందుకంది. ఎందుకేమిటే, వద్దంటే వద్దు అన్నాను. రేపు నడిమి గడి పోస్తున్నారమ్మా, మేస్త్రీ నన్ను కొత్త పనికి వేశాడు, పోకపోతే ఎలా అంది. కొత్త పని ఏమిటని అడిగి ఉంటే అంతటితో పోయేది. అడగలేదు. చెంప మీద ఒకటి వేశాను. చెబుదామంటే ఆ మాట నోటితో అంటే నిజమైపోతుందేమోనని భయం. ఊరికే అరిచాను. అది ఏడ్చి, అటు తిరిగి పడుకుంది. నేను తలుపు గడియ పెట్టి దానికి ఆనుకుని కూర్చున్నాను. కోడి కూసేవేళకు ఎప్పుడో కన్ను మూతపడి పక్కకు ఒరిగాను. లేచేసరికి గడియ తీసి ఉంది. చాప మీద పిల్ల లేదు.

ఎలా పరిగెత్తానో నాకే తెలియదు. వాగులో అప్పటికే పని మొదలైంది. ఇనప రేకుల మీద సిమెంటూ ఇసుకా నల్ల కంకరా కలుపుతున్నారు, తట్టలు చేతులు మారుతున్నాయి, పీరు సాయిబు కానివ్వండి కానివ్వండి అంటున్నాడు. ఆడకూలీల్లో నా పిల్ల లేదు. కనపడిన మొదటి ఆడమనిషిని భుజం పట్టి అడిగాను, మా వెంకటేశ్వరమ్మ ఏదని. ఆమె తట్ట దించకుండానే చెప్పింది.

"మీ పిల్లా? ఇవాళ తలకాయలకి వేశారమ్మా."

అప్పుడు నా నోరు రాలేదు. వెనక్కి తిరిగి ఊళ్లోకి పరిగెత్తాను. కల్లాల దగ్గరకు వచ్చాక వచ్చింది నోరు. నా బిడ్డను చప్టాలో పూడుస్తున్నారు, తలకాయలు కూరుతున్నారు, పద్దెనిమిది కావాలట, మీ పిల్లలను చూసుకోండి అని అరిచాను. ఆదివారం పొద్దున, మిరపకాయలు గోతాలకెత్తే రోజు, ఊరంతా అక్కడే ఉంది. తల్లులు పిల్లలను చంకన వేసుకుని ఇళ్లకు పరిగెత్తారు. మగవాళ్లు చేతికందింది పట్టుకున్నారు. పానకాలు దుడ్డుకర్ర తీసుకున్నాడు. నేను చెప్పింది ఒకటైతే కల్లం చివరికి వెళ్లేసరికి పదయింది. అప్పటికే ఇద్దరు పిల్లలు పోయారని ఎవరో అన్నారు. ఎవరి పిల్లలని ఎవరూ అడగలేదు.

నలభైమంది వాగులోకి దిగేసరికి కూలీలు తట్టలు పడేసి పాకల వైపు పారిపోయారు. పీరు సాయిబు ఒక్కడే పోసిన కాంక్రీటు పక్కన నిలబడ్డాడు. పిల్ల ఏదిరా అని పానకాలు అడిగాడు. ఏ పిల్ల అన్నాడు. నన్ను చూశాక అర్థమైనట్టుంది, మీ అమ్మాయి బండితో బట్టీకి పోయిందండీ, ఇప్పుడే వచ్చేస్తుంది అన్నాడు.

"తలకాయలకి వేశారని మీ మనిషే చెప్పిందిగా?" అన్నాడు పానకాలు.

"అవునయ్యా, తలకాయలకే వేశాను."

జనం ఒక్కసారి ముందుకు జరిగారు. ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టి, ఏదో చెప్పబోయి, పచ్చి కాంక్రీటు వైపు చూసుకున్నాడు. మేస్త్రీ మనిషి కదా, ప్రాణం మీదకు వచ్చినా చూపు అటే పోయింది.

"మీకు దణ్ణం పెడతాను, పోత మధ్యలో ఆగకూడదు. ఎండకి గట్టిపడిపోద్ది. ముందు ఇది పూడ్చనివ్వండి, తర్వాత నన్ను ఏమైనా అడగండి."

పూడ్చనివ్వమన్నాడు. ఆ మాట విన్నాక ఇంకెవరు ఆగుతారు? నేను ఆగలేదు. ఆ గడిలోకి దూకాను. మోకాళ్ల దాకా దిగబడ్డాను. రెండు చేతులతో ఆ బురదను తోడాను. ఇసుకా కంకరా గోళ్ల సందుల్లోకి పోతున్నాయి, వేళ్లు చీరుకుపోతున్నాయి, నాకు నొప్పి తెలియడం లేదు. తల్లీ, నా తల్లీ అనుకుంటూ తోడుతున్నాను. మోచేతి లోతున నా చేతికి గుండ్రంగా తగిలింది.

తల. చుట్టూ తడిమాను. ఒక పక్క నున్నగా ఉంది, ఒక పక్క గరుకుగా ఉంది. ఆ క్షణాన నేను చచ్చిపోయాననే అనుకున్నాను. ఇప్పటికీ పొద్దున లేవగానే నా అరచేతుల్లో ఆ గుండ్రం ఉంటుంది. రెండు చేతులూ కింద పెట్టి పైకి లాగాను. బురద జారిపోయింది. నల్లగా, మాడి, గాజులా మెరుస్తూ ఉంది. నాలుగైదు ఇటుకలు కరిగి ఒకే ముద్దయిపోయి ఉన్నాయి. ఒక పక్కన ఒక ఇటుక అంచు ఇంకా సూటిగా, అచ్చులో పోసినట్టే ఉంది.

అది ఇటుకని నాకు తెలిసింది. నేను చెప్పదలుచుకున్నది ఇదే. తెలిసింది. చేతిలో పట్టుకుని ఉన్నాను. కొట్టకుండా కాంక్రీటులో కూరే బట్టీ ముద్దలను వీళ్లు తలకాయలంటారని కూడా ఆ క్షణంలోనే అర్థమైంది. తల పైకెత్తితే పానకాలు దుడ్డుకర్ర ఎత్తుతున్నాడు. ఇది ఇటుకరా, ఆగరా అని ఒక్క కేక వేస్తే చాలు. రెండు కల్లాల అవతలికి వినపడే నోరు నాది. వెయ్యలేదు.

ఎందుకు వెయ్యలేదని నన్ను నేను ఎన్నిసార్లు అడుగుకున్నానో. ఇది ఇటుకే, మరి పక్కనున్నది ఏమిటో అన్న భయం ఒకటి. భయం అలాంటిది, ఒక చోట కాదని తేలితే పక్కకు జరిగి కూర్చుంటుంది. ఇంకోటి కూడా ఉంది. నలభైమందిని కేకలేసి తెచ్చింది నేను. అందరి ముందూ ఇటుక పట్టుకుని నిలబడ్డాను. సిగ్గేసింది. సిగ్గుకు ఒక గుక్క నీళ్లు తాగేంత సేపు పట్టింది. ఆ లోపు కర్ర దిగింది.

నెత్తి మీద పడాల్సింది. పీరు సాయిబు కుడిచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. ఎముక విరిగిన చప్పుడు నేను గోతిలో ఉండి విన్నాను. పాకల్లోంచి రసూల్‌బీ పరిగెత్తుకొచ్చి ఆయన మీద పడింది. పానకాలు కర్ర మళ్లీ ఎత్తాడు.

అప్పుడు అవతలి ఒడ్డు మీద ఎడ్ల మెడపట్టీల గంటలు మోగాయి. బండి తోలేవాడు నిద్రమొహంతో, ఇక్కడ ఏం జరుగుతోందో చూడకుండానే, రోజూ అరిచినట్టే అరిచాడు.

"తలకాయలొచ్చాయి, దింపుకోండి!"

బండి నిండా నల్ల ఇటుక ముద్దలు. వాటి మీద మా వెంకటేశ్వరమ్మ నిలబడి ఉంది. చెంప మీద నా వేళ్ల వాపు ఇంకా ఉంది. అది అరవలేదు, ఏడవలేదు. మా వైపే చూస్తోంది.

జనం ఒక్కొక్కరే కర్రలు ఇసుకలో పడేశారు. ఎక్కడ పడేశారో కూడా చూసుకోలేదు. పానకాలు అక్కడే చతికిలబడ్డాడు. నేను పిల్లను వాటేసుకుందామని చేతులు చాపితే రసూల్‌బీ వచ్చి నా మణికట్లు పట్టుకుంది. కొడుతుందనుకున్నాను. కొట్టినా పడేదాన్ని. ఆమె నన్ను పాక దగ్గరకు లాక్కుపోయి, నిన్న నేను వదిలేసిన కుండలోని పుల్లమజ్జిగ తెచ్చి నా చేతుల మీద పోసింది.

"సిమెంటు చేతికి పట్టనియ్యకు. సాయంత్రానికి తినేసిద్ది" అంది. అంతే. తన మొగుడి చేతి నెత్తురు ఆమె చేతుల మీద ఉంది, ఆ చేతులతో నా గోళ్ల సందులు కడిగింది. మిరపకాయల మంటకు మేమూ మజ్జిగే పోస్తాం. ఆ రోజు చల్లబడలేదు. సాయంత్రానికి బొబ్బలెక్కాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అనే సామెత నేను ఎంతమందిని చూసి అన్నానో, అవన్నీ ఆ రోజు నాకే వచ్చి తగిలాయి.

పీరు సాయిబు తువ్వాలుతో చెయ్యి మెడకు కట్టించుకుని మళ్లీ గడి పక్కన నిలబడ్డాడు. మిగిలినదైనా పొయ్యాలి, వానలు రాకముందే అయిపోవాలి అన్నాడు. కూలీల్లో సగం మంది అప్పటికి తిరిగి రాలేదు. పానకాలు లేచి తట్ట నెత్తికెత్తుకున్నాడు. వెనకే ఊరివాళ్లు ఎత్తుకున్నారు. పొద్దు వాలేదాకా మోశారు, ఒక్కడూ తల ఎత్తలేదు. ఆయన మాత్రం తన మనుషులను పిలిచి, ఇకమీద ఈ పనిలో తలకాయలనే మాట వినపడకూడదు, గుమ్మడికాయలు అనండి అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఓవర్సీరు గారు వచ్చి అడిగితే గట్టు మీద నుంచి జారిపడ్డానని చెప్పాడట. పోలీసులు రాలేదు. కట్టు కట్టించుకున్నాడు గానీ ఎముక వంకరగా అతుక్కుంది, వేళ్లు ముడుచుకోలేదు. తాపీ పట్టుకుంటే జారిపోయేది. రోజూ రెండు గ్లాసుల మజ్జిగ నేనే తీసుకుపోయి ఇచ్చాను. ఎడమచేత్తో తీసుకుని తాగేవాడు. చెంచమ్మగారూ అనే పిలిచేవాడు. చేతిలో ఇటుక పట్టుకుని ఊరుకున్నానని ఆయనకు చెప్పాలని రోజూ అనుకునేదాన్ని. వానలకు ముందు పని అయిపోయింది, పాకలు పీక్కుని వెళ్లిపోయారు.

చప్టా నిలిచింది. తొమ్మిది వానాకాలాలు వాగు దాని మీదుగా పోయింది, చెత్త ఇటుక అని నవ్విన వాళ్లే దాని మీద మిరపకాయల బండ్లు తోలుకుపోతున్నారు. ఒక్క చోటే తేడా. నేను తోడిన చోట కాంక్రీటు అప్పటికే బిగుసుకుపోయింది. మర్నాడు పూడ్చారు గానీ అతుకు అతుకే, కాస్త కుంగింది. బస్సు దాని మీదకు రాగానే దడ్‌మని ఎగిరి పడుతుంది. చెంచమ్మ గుంట అంటారు. కండక్టరు కూడా అదే పేరు చెబుతాడు.

మొన్న వెంకటేశ్వరమ్మతో అద్దంకి పోతున్నాను. దానికిప్పుడు ఇద్దరు పిల్లలు. బస్సు వాగులోకి దిగుతుంటే ఎప్పటిలాగే దాని చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. దడ్‌మంది. పట్టు వదల్లేదు. అది కిటికీలోంచి బయటకు చూస్తూ, మెల్లగా అడిగింది.

"అమ్మా, ఆ రోజు బండి ఇంకా దూరంగా ఉండగానే పైనుంచి నేను చూశాను. మామయ్య మొదటిసారి కర్ర ఎత్తేటప్పటికే నీ చేతిలో ఇటుక ఉంది కదా?"

తొమ్మిదేళ్లు ఆ ప్రశ్న కడుపులో పెట్టుకుంది పిల్ల. ఉంది అనలేదు నేను. లేదు అనలేదు. బస్సు రొదలో కూడా వినపడే నోరు, మళ్లీ రాలేదు. అది కాసేపు చూసి, నా వేళ్లు ఒక్కొక్కటే విప్పుకుని తన చెయ్యి తీసుకుంది.